బారిటోన్‌కీ పని ఉండాలి

పోయిన ఉగాదికి మా అమ్మాయి, తన ముగ్గురు స్నేహితులు కలిసి ఇక్కడి తెలుగువాళ్ల వేడుకలో సాక్సోఫోన్లు వాయించారు. నలుగురూ హైస్కూలు పిల్లలు. ఒక్కొక్కరిదీ ఒక్కో సైజు: సొప్రానో, ఆల్టో, టెనర్, బారిటోన్. అన్నిటికన్నా పెద్దది, బరువైనది, అడుగున మోగేది మా అమ్మాయిది. మూడు నెలలుగా ప్రతి శనివారం మా బేస్‌మెంట్‌లో కూర్చుని ఒక పాత క్వార్టెట్‌లోని, అంటే నాలుగు వాద్యాల కోసం రాసిన రచనలోని, మొదటి భాగం తయారు చేసుకున్నారు. ఆరేడు నిమిషాలు పడుతుంది. వేడుకకి వారం పది రోజుల ముందు, కార్యక్రమాలు చూసుకుంటున్నాయన ఫోన్ చేసి, "అంతసేపు జనం కూర్చోరండీ. అందరికీ తెలిసిన సినిమా పాట ఒకటి వాయించమనండి, నాలుగు నిమిషాల్లో అయిపోవాలి" అన్నాడు. నేను సరేనన్నాను. టెనర్ వాయించే అబ్బాయి కిందామీదా పడి ఆ పాటని నలుగురికీ పంచి రాశాడు. వేదిక మీద బాగానే వాయించారు. చప్పట్లు కూడా గట్టిగానే పడ్డాయి.

తిరిగొచ్చేటప్పుడు కారులో అమ్మాయి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. హైవే ఎక్కాక, "నాన్నా, ఆ పాటలో నాకు పని లేదు" అంది.

ఆలోచిస్తే నిజమే. పాటంతా సొప్రానోది. చరణంలో రెండు లైన్లు ఆల్టోకి వచ్చాయి. టెనర్ వాటి వెనకాల నడిచింది. బారిటోన్‌కి మిగిలింది షడ్జమం, పంచమం, మళ్లీ షడ్జమం, పంచమం. ఐదారు కిలోల వాద్యాన్ని భుజాలకి తగిలించుకుని, మూడు నెలలు ఊపిరి కూడగట్టుకుని సాధన చేసిన పిల్ల ఆ రోజు చేసింది అంతే. పక్కన పెట్టేసిన ఆ పాత రచనలో అయితే సొప్రానో ఒక మాట అని ఆగితే, దాన్ని అందుకుని జవాబు చెప్పే వంతు తనకీ వస్తుంది. ఆ జవాబు చెప్పే అవకాశం తనకి లేకుండా చేసింది నేనే. ఆ ఫోన్‌లో సరేనన్నందుకు ఇప్పటికీ నాకు బాధగానే ఉంది.

చిన్నపిల్ల అలక అని దీన్ని కొట్టిపారేయలేను. సాక్సోఫోన్ క్వార్టెట్ గురించి నేను చదివినవాటన్నిటికన్నా ఆ ఒక్క మాట నాకు ఎక్కువ నేర్పింది. నలుగురు పక్కపక్కన కూర్చుని వాయించినంత మాత్రాన క్వార్టెట్ అయిపోదు. నలుగురికీ పని ఉండాలి. ఈ మేళానికి అలాంటి పని కల్పించినవాళ్లు చాలావరకు 20వ శతాబ్దంవాళ్లు, ఇంకా బతికున్నవాళ్లు. అందుకే ఈ పిల్లల్ని తెలిసిన పాటే వాయించమనడం, పేరున్న పెద్ద మేళాల్ని బాఖ్, మొజార్ట్ మాత్రమే వాయించమనడం, రెండూ ఒకే తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను.

బారిటోన్ పెట్టె మొదటిసారి ఇంట్లోకి వచ్చినప్పుడు మా అమ్మ ఇక్కడే ఉంది. పాలకొల్లు నుంచి ఆర్నెల్ల వీసా మీద వచ్చింది. పెట్టె తెరిచి చూసి, "ఇది పెళ్లి బ్యాండులో వాయించేదే కదరా, ఇంత పెద్దదేమిటి?" అంది. మనవాళ్లకి సాక్సోఫోన్ రెండు దారుల్లో తెలుసు. ఒకటి బ్యాండు మేళం. ఊరేగింపులో క్లారినెట్ల పక్కన, డ్రమ్ముల ముందు మెరిసిపోయే ఇత్తడి. రెండోది కద్రి గోపాల్‌నాథ్. మంగళూరు ప్రాంతపు నాదస్వర కుటుంబంలో పుట్టి, మైసూరు ప్యాలెస్ బ్యాండులో ఈ వాద్యం విని, దానిమీద గమకం పలికించాలని పట్టుబట్టి ఏళ్లు ధారపోసిన మనిషి. అందుకోసం వాద్యంలోనే మార్పులు చేయించుకున్నాడు. 1994లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో బీబీసీ ప్రామ్స్ కచేరీల్లో కర్ణాటక సంగీతం వినిపించాడు. 2019 అక్టోబరులో ఆయన పోయినప్పుడు మా అమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు.

పరాయి వాద్యాన్ని మన గొంతుగా మార్చుకోవడం మనకి కొత్త కాదు. వయొలిన్ అలాగే వచ్చింది, ద్వారం వెంకటస్వామినాయుడు గారి చేతిలో అది ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ గుర్తు రాదు. మాండలిన్ శ్రీనివాస్ మా పాలకొల్లులోనే పుట్టాడు. అయితే ఈ మూడు చోట్లా మనం చేసింది ఒకటే. వాద్యాన్ని ఒక గాయకుడిగా చేసుకున్నాం. ఒక గొంతు, దాని వెనక శ్రుతి, పక్కన లయ. ఆ పద్ధతిలో మనవాళ్లు అందుకున్న ఎత్తులు తక్కువవి కావు. కానీ సాక్సోఫోన్ పుట్టినప్పుడే దానికి అన్నదమ్ములున్నారన్న సంగతి మన చెవికి పడలేదు.

అడాల్ఫ్ సాక్స్‌ది బెల్జియంలో దినాన్ అనే ఊరు. మనకి పెంబర్తి ఎలాగో, మ్యూజ్ నది ఒడ్డునున్న ఆ ఊరు అక్కడ ఇత్తడి, రాగి పనికి అలా పేరు పడింది. 1814లో అక్కడ పుట్టి, వాద్యాలు చేసే తండ్రి దగ్గర పని నేర్చుకుని, 1842లో పారిస్ చేరాడు. అదే ఏడు సంగీతకర్త బెర్లియోజ్ ఆయన కొత్త వాద్యం గురించి పత్రికలో మెచ్చుకుంటూ రాశాడు. 1846లో సాక్స్ పేటెంట్ తీసుకున్నప్పుడు అందులో చూపించింది ఒక వాద్యాన్ని కాదు. చిన్నదాని నుంచి నిలువెత్తు దాని దాకా ఒక కుటుంబాన్ని. ఒళ్లు ఇత్తడిదే అయినా నోటి దగ్గర వెదురులాంటి గడ్డితో చేసిన రీడు అదిరితేనే మోగుతుంది కాబట్టి దీన్ని ఇత్తడి వాద్యాల్లో లెక్కపెట్టరు, క్లారినెట్, సన్నాయి వరసలో చేరుస్తారు. ఆ కుటుంబంలో అందరికీ వేళ్ల పట్టు ఒకటే. మా అమ్మాయి రేపు సొప్రానో చేతిలోకి తీసుకున్నా అవే వేళ్లు అవే మీటల మీద పడతాయి. కాగితం మీద స్వరాలు కూడా ఒకే తీరుగా రాస్తారు, వినపడే స్థాయి మాత్రం వాద్యాన్ని బట్టి కిందికి జరుగుతుంది. ఇప్పటి బారిటోన్‌లో అన్నిటికన్నా కింది స్వరం, చెల్లో అడుగు తీగ పలికే స్వరం, రెండూ ఒకటే. ఇది తెలిసిన రోజు మా అమ్మాయి ఇల్లంతా తిరిగి అందరికీ చెప్పింది.

ఇలా ఒకే రక్తం పంచుకున్న నాలుగు గొంతులు కలిసి పాడితే ఎలా ఉంటుందో మొదట వినాలనుకున్నవాళ్లలో జాన్-బాప్తీస్త్ సాంజెలే ఒకడు. ఆయన వయొలిన్ విద్వాంసుడు, సాక్స్‌కి స్నేహితుడు. 1857లో ఆయన రాసిన మొదటి క్వార్టెట్టే మా పిల్లలు తయారు చేసుకున్నది. నాలుగు భాగాలు, వయొలిన్ల క్వార్టెట్‌కి ఉన్నట్టే. చెవికి ఇంపైన, మర్యాదైన సంగీతం. గొప్ప లోతు ఉందని నేననను. కానీ ఈ నాలుగు వాద్యాలు బ్యాండులో వరసలు కట్టి నడవడానికే కాదు, ఒక గదిలో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడానికి కూడా పనికొస్తాయని ఆ కాగితాలు చెప్పాయి. అదే ఏడు పారిస్ కన్సర్వేటరీలో, అంటే అక్కడి సంగీత కళాశాలలో, సైనిక బ్యాండ్లవాళ్ల కోసం సాక్స్ తరగతి మొదలైంది.

తర్వాత జరిగింది తలుచుకుంటే కష్టంగా ఉంటుంది. పోటీ వాద్యాల తయారీదారులు సాక్స్‌ని ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిప్పారు. ఆయన పదేపదే దివాలా తీశాడు. 1870లో జర్మన్లతో యుద్ధం వచ్చి కన్సర్వేటరీలో ఆ తరగతి మూతపడింది. 1894లో సాక్స్ పేదవాడిగానే పోయాడు. ఆ తరగతి మళ్లీ తెరిచింది 1942లో. మధ్యలో 72 ఏళ్లు. ఒక వాద్యాన్ని నేర్పే పీఠమే అన్నేళ్లు లేకపోతే, దాని కోసం రాసేవాళ్లు ఎక్కణ్ణుంచి వస్తారు? ఆర్కెస్ట్రాలు దానికి కుర్చీ వేయలేదు. అడపాదడపా ఎవరో ఒకరు ఒక చిన్న పాట ఇచ్చి పంపేసేవారు. సాక్సోఫోన్ బతికింది సైనిక బ్యాండుల్లో, తర్వాత అమెరికా నాట్య శాలల్లో, జాజ్‌లో. జాజ్ దాన్ని ఎంత ఎత్తున నిలబెట్టిందో లోకమంతా ఎరుగును.

1942లో ఆ తరగతిలో గురువుగా కూర్చున్నది మార్సెల్ మ్యూల్. ఆయన పారిస్‌లోని గార్ద్ రెపుబ్లికెన్ అనే సైనిక బ్యాండు మనిషి. 1928లో ఆ బ్యాండులోంచే మరో ముగ్గుర్ని కూడగట్టుకుని క్వార్టెట్ పెట్టాడు. నాకు ఆయనలో బాగా నచ్చే సంగతి ఒకటుంది. శాస్త్రీయ సాక్సోఫోన్‌లో ఇప్పుడు మనం వినే ఆ సన్నని వణుకుని ఆయన డాన్సు బ్యాండ్లలో వాయించేటప్పుడు పట్టుకుని ఇటు తెచ్చాడు. శాస్త్రీయం వేరు, జాజ్ వేరు అని గోడ కట్టేవాళ్లకి ఆ గోడలో మొదటి ఇటుకే నాట్యశాలదని గుర్తు చేయాలనిపిస్తుంది. మ్యూల్ బృందం కచేరీలు మొదలుపెట్టేసరికి వాయించడానికి రచనలు లేవు. మొదట్లో ఇతర వాద్యాల సంగీతాన్ని తమకి అనుకూలంగా మార్చుకున్నారు. ఆ పైన కనపడిన ప్రతి సంగీతకర్తనీ అడిగారు. ఫ్రాంసే 1935లో, పియెర్నే 1936లో, బోజా 1938లో రాసిచ్చారు. 1964లో దెజాంక్లో రాసిన క్వార్టెట్ దాకా ఆ వరస సాగింది.

వీటన్నిటిలో నేను ఆగిపోయేది గ్లాజునొవ్ దగ్గర. ఆయన రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ కన్సర్వేటరీని 20 ఏళ్లకి పైగా నడిపిన పెద్దమనిషి. 1928లో దేశం దాటి మళ్లీ వెనక్కి వెళ్లలేదు, పారిస్‌లో స్థిరపడ్డాడు. అరవై దాటిన వయసులో, 1932లో, మ్యూల్ బృందాన్ని మనసులో పెట్టుకుని క్వార్టెట్ రాశాడు. మొత్తం మూడు భాగాలు. నడిమి భాగంలో ఒక నెమ్మదైన పాట వస్తుంది. నాలుగు గొంతులూ కలిసి, ప్రార్థన మందిరంలో పాడుతున్నట్టు, ఏదీ పైకి పొడుచుకు రాకుండా కదులుతాయి. తర్వాత ఆ పాటనే రకరకాలుగా తిప్పుతాడు. ఒకసారి షూమన్ ధోరణిలో, ఒకసారి షోపాన్ ధోరణిలో అని తనే పేర్లు పెట్టాడు. ఇల్లు విడిచొచ్చిన ముసలాయన తన చిన్నప్పటి దేవుళ్లని ఒక్కొక్కర్నే పిలుచుకుంటున్నట్టు ఉంటుంది నాకు. ఆ పిలుపు పియానోతో కాదు, వయొలిన్లతో కాదు, ఎవరూ పెద్దగా గౌరవించని నాలుగు సాక్సోఫోన్లతో. ఈ భాగం విన్నాక కూడా ఇది తమాషా మేళం అనేవాళ్లతో నేను వాదన పెట్టుకోను. ఇంకోసారి వినమంటాను.

ఇప్పుడు అసలు వాదనలోకి వస్తాను. హైడ్న్ పోయింది 1809లో. మొజార్ట్ అంతకు ముందే పోయాడు. బేతోవెన్ 1827లో, షూబర్ట్ 1828లో. సాక్స్ పేటెంట్ 1846. అంటే వయొలిన్ల క్వార్టెట్‌కి తాతముత్తాతలు రాసిపెట్టిన ఆస్తిలో దమ్మిడీ కూడా వీళ్లకి రాలేదు. ఇది లోటేనని చాలామంది అంటారు, సాక్సోఫోన్ వాయించేవాళ్లు కూడా కొందరు అంటారు. ఆ లోటు పూడ్చుకోవడానికి వయొలిన్ల రచనల్ని మార్చి వాయిస్తారు. నేను దానికి వ్యతిరేకిని కాదు. బాఖ్ చివరి రోజుల్లో రాసిన ‘ఆర్ట్ ఆఫ్ ఫ్యూగ్’ మీద ఏ వాద్యమో ఆయన రాయనే లేదు. నాలుగు గొంతులు ఒకదాన్నొకటి తరుముకునే ఆ అల్లిక సాక్సోఫోన్లలో ఎంత స్పష్టంగా వినపడుతుందంటే, పియానో మీద విన్నప్పుడు నాకు చిక్కుబడినట్టు తోచిన చోట్లు వీళ్ల దగ్గర విడివిడిగా వినపడ్డాయి. లిగెతి అనే సంగీతకర్త 1953లో ఐదు గాలి వాద్యాలకి కుదిర్చిన ఆరు చిన్న రచనలు అంతకు ముందు ఆయనే పియానోకి రాసుకున్నవి. ఇప్పుడవి నాలుగు సాక్సోఫోన్ల మీదా బాగా తిరుగుతున్నాయి. మంచి సంగీతం ఇల్లు మారినా బతుకుతుంది.

కానీ ఇల్లు మారిన సంగీతమే కచేరీ అంతా నిండిపోతే, ఈ మేళం ఎప్పటికీ ఇంకొకరి చొక్కా తొడుక్కున్నట్టే ఉంటుంది. ఆస్తి లేకపోవడం వల్ల వీళ్లకి దక్కింది ఒకటుంది. బతికున్నవాళ్ల గుమ్మం తొక్కక తప్పలేదు. 1969లో సాక్సోఫోన్ విద్వాంసుడు సిగుర్ద్ రాషెర్ తన కూతురు కరీనాతో కలిసి క్వార్టెట్ పెట్టాడు. కూతురు సొప్రానో. బారిటోన్ వాయించింది లిండా బ్యాంగ్స్ అనే ఆవిడ. (ఆవిడ ఫొటో మా అమ్మాయి గది గోడ మీద ఉంది.) ఆ బృందం అడిగితే సంగీతకర్త జెనాకిస్ (Xenakis) 1987లో ఒక రచన చేశాడు. ‘సాక్స్’ (SAX) పేరులోని మూడు ఇంగ్లీషు అక్షరాల్ని తిరగేసి దానికి XAS అని పేరు పెట్టాడు, తన పేరులోని మొదటి అక్షరం ముందుకొచ్చేటట్టు. ఫిలిప్ గ్లాస్ 1995లో వీళ్ల కోసం రాసింది ఆర్కెస్ట్రాతోనూ వాయించొచ్చు, నలుగురే కూర్చునీ వాయించొచ్చు. గుబైదులినా 1994లో నాలుగు సాక్సోఫోన్లనీ ఆరుగురు తాళవాద్యకారుల్నీ కలిపి రాసింది. వీళ్లెవరూ చిన్న పేర్లు కారు. వీళ్లని కదిలించింది ఏ సంస్థానం డబ్బూ కాదు, నలుగురు వాద్యకారుల పట్టుదల.

మేముండేది మిచిగన్‌లో, ఆన్ ఆర్బర్‌కి దగ్గర్లో. ఇక్కడి యూనివర్సిటీ 1953లో ల్యారీ టీల్‌ని సాక్సోఫోన్‌కే పూర్తికాలం ప్రొఫెసర్‌గా పెట్టుకుంది. అమెరికా యూనివర్సిటీల్లో అది మొదటిది. ఆ పరంపరలోనే 1984లో ఇక్కడి విద్యార్థులు ప్రిజమ్ క్వార్టెట్ పెట్టుకున్నారు. వాళ్లు ఇప్పటికి 300కు పైగా కొత్త రచనలు రాయించుకున్నారు. అందులో దక్షిణ భారత మూలాలున్న జాజ్ విద్వాంసుడు రుద్రేష్ మహంతప్ప రాసింది కూడా ఉంది. కద్రితో కలిసి ఆల్బమ్ చేసినవాడే ఈయన. నాలుగు కుర్చీలున్న చిన్న మేళం, నలభై ఏళ్లలో ఇన్ని కొత్త రచనలు! ఏ ఊళ్లోనైనా ఏటా ఏడెనిమిది కొత్త బావులు తవ్వించే మనిషి ఉంటే ఊరంతా తలమీద పెట్టుకుంటుంది.

కొత్త సంగీతమంటే చప్పుడు కదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒక రీడుని నాలుకతో చెళ్లుమని కొట్టడం, ఒకే పట్టులో రెండు మూడు స్వరాలు గరగరలాడించడం, ఊపిరి ఒక్కటే వినిపించడం, ఇలాంటి విద్యలన్నీ వరసగా చూపించి ఊరుకునే రచనలు నేను చాలా విన్నాను. విని ఇంటికొచ్చాక ఒక్క స్వరం గుర్తుండదు. కానీ జెనాకిస్ రచన మొదటిసారి యూనివర్సిటీ హాల్లో విన్నప్పుడు నేను కుర్చీ అంచుకి జరిగి కూర్చున్నాను. పాట అనేది ఎక్కడా లేదు. నాలుగు గొంతులు ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఒరుసుకుని, రాళ్లు పేర్చినట్టు నిలబడ్డాయి. ఆయన ఇంజనీరు, వాస్తుశిల్పి కూడా. అది వినపడుతుంది. బారిటోన్ అక్కడ పునాది మాత్రమే కాదు, మిగతా ముగ్గురు ఎక్కినంత ఎత్తూ ఎక్కింది. నాకు అన్నీ అర్థమయ్యాయని చెప్పను. మా అమ్మాయికి మాత్రం అర్థమైంది. ఇంటర్వెల్‌లో నా చెయ్యి పట్టుకుని, "చూశావా, బారిటోన్ ఆయనకి ఎంత పని ఉందో" అంది.

కొత్తగా వినాలనుకునేవాళ్లు మొదట గ్లాస్‌తో మొదలుపెట్టొచ్చు. అలలు అలలుగా వస్తుంది, చెవికి శ్రమ ఉండదు. తర్వాత దెజాంక్లో. ఆ తర్వాతే జెనాకిస్.

నాలుగూ ఒకే రకం గొంతు, అందుకే విసుగు పుడుతుంది అనే ఫిర్యాదు కూడా ఉంది. దీనికి జవాబు మా బేస్‌మెంట్‌లో దొరికింది. సాంజెలే నెమ్మది భాగం చివర్లో నలుగురూ ఒక స్వరసంపుటి మీద నిలవాలి. నేర్పడానికి వచ్చే యూనివర్సిటీ కుర్రాడు వాళ్లని అక్కడ ఆపేశాడు. ఎంతసేపు వాయించినా ఆ ధ్వనిలో ఏదో సన్నగా కొట్టుకుంటోంది, గాజు గ్లాసులో చెంచా తిప్పినట్టు. ముందు బారిటోన్ ఒక్కర్తినే పట్టమన్నాడు. దాని మీద పంచమం చేర్చాడు. చివరికి గాంధారం వాయిస్తున్న పిల్లవైపు తిరిగి, "కొంచెం కిందికి రా, ఇంకొంచెం, పెదవి వదులు చెయ్యి" అన్నాడు. ఆ పిల్ల పెదవి పట్టు సడలించింది, గొంతు కాస్త తెరిచింది. ఒక చోట ఆ కొట్టుకోవడం ఆగిపోయింది. నాలుగు సాక్సోఫోన్లు పోయి గదిలో ఒకే వస్తువు మిగిలింది. నేల అదిరింది.

మేడ మీదినుంచి మా అమ్మ మెట్ల దాకా వచ్చి, "ఇప్పుడు శ్రుతి కలిసిందిరా" అంది.

పియానో మీద గాంధారం, సహజంగా మోగే గాంధారం ఒకటి కావు. పియానోలో పక్కపక్క మీటల మధ్య దూరాన్ని నూరు భాగాలు చేస్తే, సహజ గాంధారం దానికన్నా సుమారు 14 భాగాలు కిందికుంటుంది. ఇది మనకి కొత్త పాఠం కాదు. బాగా శ్రుతి చేసిన తంబూరా మీటితే ఎవరూ మీటని అంతర గాంధారం దానంతటదే పలుకుతుంది కదా, అది ఆ గాంధారమే. మా అమ్మ సంగీతం నేర్చుకోలేదు, కానీ ఆ తంబూరా చెవిలో పెట్టుకుని పెరిగింది. నాలుగు వాద్యాలదీ ఒకే రకం గొంతు కావడం వల్లే ఆ గాంధారం అంత శుద్ధంగా కుదురుతుంది. వేరు వేరు వాద్యాలైతే ఒకదాని మెరుపు ఇంకోదాని తప్పుని కప్పేస్తుంది. ఇక్కడ దాక్కునే చోటు లేదు. పైగా సాక్సోఫోన్‌లో ఒక్కో స్వరం ఒక్కో రకంగా తప్పుతుంది. మధ్య స్థాయిలో ఒకటి పైకి లేస్తుంది, మీటలేవీ నొక్కకుండా పలికేది కిందికి జారుతుంది. నలుగురి వాద్యాల్లో ఆ దొంగ స్వరాలు నాలుగు వేరువేరు చోట్ల పడతాయి. ఎవరి స్వరం ఎప్పుడు తప్పుతుందో మిగతా ముగ్గురికీ తెలియాలి. నాలుగేళ్లు కలిసి బతికితే గానీ రాని తెలివి అది.

టెరీ రైలీ 1987లో రోవా అనే సాన్ ఫ్రాన్సిస్కో క్వార్టెట్ కోసం రాసిన పెద్ద రచన మొత్తం ఈ సహజ శ్రుతి మీదే నడుస్తుంది. ఐర్లండ్ పురాణగాథ ఒకటి దానికి ఆధారం. రైలీ ఏళ్ల తరబడి పండిట్ ప్రాణ్‌నాథ్ దగ్గర హిందుస్తానీ గానం నేర్చుకున్నవాడు. ఆ రచనలో స్వరాలు ఒకదానికొకటి ఆనుకుని స్థిరపడే తీరు విన్నప్పుడు, ఇది మనకి దూరపు సంగీతం అని నాకు అనిపించలేదు. మా అమ్మకీ వినిపించాను. "వీళ్లు నెమ్మదిగా శ్రుతి చేసుకుంటున్నారు, చాలా బాగుంది" అంది. ఇంకేం కావాలి?

అందుకే మనవాళ్లకి ఇవి ఎక్కవు అన్న మాట నేను ఒప్పుకోను. మా అమ్మే ఒకరోజు పిల్లల్ని, "మీరు నలుగురూ పంచరత్నాలు వాయించలేరా తల్లీ?" అని అడిగింది. ఆ ప్రశ్న గురించి నేను చాలా ఆలోచించాను. త్యాగరాజ ఆరాధనలో గోష్ఠిగానం చేస్తే అందరూ ఒకే కీర్తన, ఒకే వరస పాడతారు. వందమంది ఉన్నా ఒక్కొక్కరికీ కీర్తన మొత్తం దక్కుతుంది. వెనక వరసలో కూర్చున్న ముసలమ్మకీ పూర్తి పని ఉంది. గ్లాజునొవ్ క్వార్టెట్‌లో నలుగురూ నాలుగు దారులు నడుస్తారు, అక్కడా నలుగురికీ పూర్తి పని ఉంది. ఉగాది నాటి ఆ సినిమా పాటలో ఈ రెండూ లేవు. పాట మంచిదే. ఒకరు పాడితే ముగ్గురు మోసే పద్ధతిలో దాన్ని నాలుగు సాక్సోఫోన్లకి అతికించడమే తప్పు. పంచరత్నాలు నలుగురూ ఏకకంఠంగా, నాలుగు స్థాయిల్లో, గమకం చెడకుండా వాయిస్తానంటే నేను ముందు వరసలో కూర్చుంటాను. ఆ గమకం నాలుగు చోట్ల ఒకేలా కుదరడానికి ఎన్నేళ్లు పడుతుందో కూడా ఊహించగలను. షడ్జమ పంచమాలు పట్టుకోవడానికి మాత్రం బారిటోన్‌ని పిలవొద్దు. దానికి శ్రుతిపెట్టె ఉంది.

పెద్ద కచేరీలు ఏర్పాటు చేసేవాళ్లతోనూ నాది ఇదే మాట. బాఖ్ ఒకటి ముందు, అందరికీ తెలిసినది ఒకటి చివర, మధ్యలో జనం దగ్గుకునే వేళకి కొత్త రచన ఒకటి పెడతారు, పథ్యం మందులాగా. నలుగురు వాద్యకారులు నెలల తరబడి ఒళ్లొంచి నేర్చుకున్నది అదే. దాన్ని ముందు పెట్టండి. చెవులు తాజాగా ఉన్నప్పుడు వింటాం. వాయించే ముందు వాళ్లలో ఒకరు లేచి రెండు నిమిషాలు దాని గురించి చెప్పమనండి, ఒక ముక్క వాయించి చూపించమనండి. నేను ఇలా చూపించిన కచేరీకి ఒకసారి వెళ్లాను. అంతవరకూ ఫోన్లు చూసుకుంటున్న పిల్లలు కూడా తలెత్తి విన్నారు.

ఈ ఏడు ఉగాదికి మళ్లీ ఫోన్ వచ్చింది. పోయిన ఏడాది మీ పిల్లలది బాగా పేలింది, ఈసారీ ఒక పాట కావాలన్నాడాయన. సాంజెలే మొదటి భాగం పూర్తిగా వాయిస్తారండీ, ఆరేడు నిమిషాలు, ముందు నేను తెలుగులో రెండు మాటలు చెప్తాను, అన్నాను. వీలుకాదంటే ఈసారికి వాళ్లని వదిలేయమన్నాను. కమిటీలో అడిగి చెప్తానన్నాడు. ఇంకా చెప్పలేదు. పిల్లలకి ఈ సంగతి తెలీదు.

పోయిన శనివారం వాళ్లు గ్లాజునొవ్ నడిమి భాగం మొదలుపెట్టారు. ఆ నెమ్మది పాటకి ఊపిరి చాలడం లేదు. ఏడడుగులు దాటే గొట్టంలో గాలి నింపాలి కాబట్టి అందరికన్నా ముందు మా అమ్మాయికే అయిపోతోంది. ఎక్కడ తీసుకున్నా పాటలో చిల్లు పడుతోంది. సొప్రానో అబ్బాయి తన వాద్యం కింద పెట్టి, "నీకు ఎక్కడ కావాలో చెప్పు, అందరం అక్కడే తీసుకుందాం" అన్నాడు. మళ్లీ మొదటినుంచి వాయించి చోటు వెతుక్కున్నారు. వాళ్లు వెళ్లాక కుర్చీలు సర్దుతూ స్టాండుల మీద కాగితాలు చూశాను. నాలుగింటి మీదా ఒకే గడి దగ్గర, పెన్సిల్‌తో చిన్న కామా పెట్టి ఉంది.